సెప్సిస్, షాక్ లక్షణాలను ముందే గుర్తించడంలో నర్సులదే కీలక పాత్ర

శారదా నది పరిసరాల్లోని తుమ్మపాల చెరకు సాగుకు, సహకార చక్కెర కర్మాగారానికి పేరు పొందిన గ్రామం. చెరకు నరికే కూలీలకు కత్తి గాటు పడడం, కాలికి మోడు గుచ్చుకోవడం సాధారణం. ఇటువంటి గాయాలు చాలావరకు మానిపోతాయి. కొన్ని చీము పడతాయి. సూక్ష్మజీవులను ఎదిరించే క్రమంలో శరీరం అదుపు తప్పి తన అవయవాలనే దెబ్బతీసుకునే స్థితిని సెప్సిస్ అంటారు. బాలింతలలో, న్యుమోనియా, మూత్రకోశ వ్యాధులున్న వృద్ధులలో కూడా ఇది సంభవిస్తుంది. 2017లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 4.89 కోట్ల మంది సెప్సిస్ బారిన పడగా, 1.10 కోట్ల మంది మరణించినట్లు అంచనా. ప్రపంచ ఆరోగ్య సభ అదే సంవత్సరం దీనిపై తీర్మానం ఆమోదించింది.

షాక్ అనగానే విద్యుదాఘాతమో, మానసిక ఆఘాతమో స్ఫురిస్తుంది. వైద్యపరంగా అవయవాలకు చాలినంత రక్తం అందకపోవడమే షాక్. రక్తపోటు పడిపోయే వరకు వేచి ఉండరాదు. అది ఆలస్యంగా కనిపించే లక్షణం. అంతకుముందే శ్వాస వేగం పెరుగుతుంది. నిమిషానికి 22 లేదా అంతకు మించిన శ్వాసలు, మాట తడబడడం, మగత, గోరు నొక్కి వదిలిన తరువాత 3 సెకన్లు దాటినా ఎరుపు తిరిగి రాకపోవడం ప్రమాద సూచికలు. 60 కిలోల బరువున్న వ్యక్తికి గంటకు 30 మిల్లీలీటర్ల కంటే తక్కువ మూత్రం రావడమూ అటువంటిదే. జ్వరం లేదని నిశ్చింతగా ఉండరాదు, కొందరిలో శరీరం చల్లబడుతుంది. వార్డు చార్టులో శ్వాసల గడిని అంచనాతో నింపే అలవాటు విడనాడవలసి ఉన్నది. గడియారం చూసి నిండు నిమిషం లెక్కించడానికి ఏ పరికరమూ అవసరం లేదు.

అనుమానం కలిగిన వెంటనే నర్సు వైద్యాధికారికి తెలిపి, అవసరమైన వారికి ఆక్సిజన్ అందించి, రెండు పెద్ద సిరలలో సూదులు అమర్చాలి. ఆలస్యం కాకుండా వీలైతే యాంటీబయాటిక్‌కు ముందే రక్త నమూనా సేకరించాలి. షాక్ ఉన్నప్పుడు గంటలోపు యాంటీబయాటిక్ పడాలి. 2021 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాల ప్రకారం తొలి 3 గంటలలో కిలోకు 30 మిల్లీలీటర్ల సెలైన్ తరహా ద్రవం సూచితం; 50 కిలోల వ్యక్తికి ఇది లీటరున్నర. అయితే గుండె జబ్బుతో వచ్చిన షాక్‌లో ఇంత ద్రవం హాని చేయగలదు. అందువలన ద్రవం ఎక్కుతున్నప్పుడు ఊపిరితిత్తులను తరచుగా పరీక్షించాలి. సగటు రక్తపోటు 65కు తగ్గరాదు. 80/50 ఉన్న రోగిలో ఈ సగటు 60 మాత్రమే. ద్రవంతో పెరగకపోతే నార్‌అడ్రినలిన్ అవసరమవుతుంది.

నార్‌అడ్రినలిన్ అందుబాటులో లేని కేంద్రం నుండి రోగిని అనకాపల్లికో, విశాఖపట్నం కింగ్ జార్జ్ ఆసుపత్రికో పంపవలసి వస్తుంది. 108 వాహనం వచ్చేలోగా మొదటి మోతాదు ఇచ్చి, మందు పేరు, ఇచ్చిన సమయం, ఎక్కిన ద్రవం, చివరి శ్వాసల సంఖ్య, రక్తపోటు రిఫరల్ చీటీపై రాసి పంపాలి. ఈ వివరాలు లేని చీటీతో చేరిన రోగికి అక్కడ మళ్లీ మొదటి నుండి పరీక్షలు చేయవలసి వస్తుంది.