బాయి నుంచి వాక్యంలోకి

పుస్తకంలో తెలియని మాట తగిలితే చాలామందిమి దాటేసి పోతాం. రాసే అలవాటున్నవాళ్లకు ఆ దాటవేత నష్టమే. బొగ్గుగనుల ఊరు మందమర్రిలో కూర్చుని సింగరేణి కథ చదివేవాళ్లకు ఇంకా నష్టం. అర్థం చెప్పే మనిషి పక్క క్వార్టర్లోనే ఉంటాడు మరి.

'తట్టాచెమ్మస్' సంగతే చూడండి. బొగ్గుబాయి కథల్లో కనిపించే మాట. దీనికోసం బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరం తిరగేసి లాభం లేదు. అది వెలువడింది 1885లో. హైదరాబాద్ దక్కన్ కంపెనీకి సింగరేణి బొగ్గు తవ్వే హక్కులు దక్కింది 1886లో. పాపం, ఆ నిఘంటువు బాయి మొహమే చూడలేదు!

అదే మాట టీకొట్టు దగ్గర కూర్చున్న రిటైరైన ఫిల్లర్‌ని, అంటే టబ్బుల్లో బొగ్గు నింపిన కార్మికుణ్ణి, అడగండి. "తట్ట అంటె గంప, చెమ్మస్ అంటె పార బిడ్డా" అని ఊరుకోడు. నడుం వంచి, రెండు చేతులూ ముందుకు చాచి బొగ్గు ఎత్తే తీరు చూపిస్తాడు. తట్ట నెత్తికెత్తుకుని టబ్బు దాకా నడవడం, పైకప్పు తగలకుండా మెడ దించడం, చెమటతో బొగ్గుపొడి కళ్లలోకి జారడం... అన్నీ వస్తాయి. యంత్రాలొచ్చి చేత్తో నింపే పని పోయాక ఆ మాట ఇలాంటి పెద్దమనుషుల నోళ్లలోనూ, కథల్లోనూ మిగిలింది.

అందుకే నోటుబుక్కులో 'తట్టాచెమ్మస్: గంప, పార' అని రాసుకుంటే సగం పనే. మాట వచ్చిన వాక్యం మొత్తం రాసుకోవాలి. ఎవరు, ఎవరితో, ఏ కోపంలో అన్నారో కూడా రాసుకోవాలి. కాగితం మీద 'విధులకు గైర్హాజరు' అయినవాడే ఇంట్లో 'నాగా పెట్టిండు'. సంగతి ఒకటే, కానీ మొదటిది చదివితే ఆఫీసు బల్ల కనిపిస్తుంది, రెండోది వింటే జీతం లెక్కలేసుకుంటున్న ఇల్లాలు కనిపిస్తుంది. మేనేజర్‌ని 'బాయిదొర' అన్న మనిషి ఆ ఒక్క మాటలోనే తనెక్కడ నిలబడి మాట్లాడుతున్నాడో చెప్పేశాడు.

మాటల కోసం మనుషుల దగ్గరికి వెళ్లడం కొత్తేం కాదు. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటం 1962లో వచ్చింది, అది వ్యవసాయ పదాలది. చేనేత పదాల సంపుటం 1971లో వచ్చింది. రైతులనూ నేతగాళ్లనూ అడిగి కూర్చిన పుస్తకాలవి. మన కరీంనగర్ వైపు నలిమెల భాస్కర్ తెలంగాణ పదకోశం ఉండనే ఉంది. దాన్ని అనుమానం వచ్చినప్పుడు తీసే పుస్తకంగా కాక, రాత్రిపూట నాలుగు పేజీలు చదువుకునే పుస్తకంగా పెట్టుకుంటే మంచిదని నా అభిప్రాయం.

ఒక హెచ్చరిక. దొరికిన ప్రతి మాటనూ దించేస్తే కథ సంతలా తయారవుతుంది. పేజీకి ఒక్క కొత్త మాట నిలబడినా గొప్పే. ప్రబంధాల్లోంచి ఏరుకొచ్చిన మాటలైతే మరీ జాగ్రత్త. అవి ఫిల్లర్ నోట్లో పెడితే ఫిల్లరే నవ్వుతాడు.

ఇప్పుడు కోల్‌బెల్టులో కొత్త మాటలు పుట్టుకొస్తున్నాయి. భూగర్భ గనుల చోట ఓపెన్‌కాస్టులు వచ్చాయి. కంపెనీ కాగితం ఓపెన్‌కాస్టును 'ఉపరితల గని' అంటుంది. కార్మికుడికి అది 'ఓసీ'. తవ్విపోసిన మట్టి 'ఓబీ గుట్ట'. భూమి పోయిన ఊళ్లవాళ్లు ఆ మొత్తాన్నీ 'బొందలగడ్డ' అన్నారు, అంటే శ్మశానమని. ఉద్యమ సభల్లో ఆ మాట మార్మోగింది.

రాయడం నేర్చుకుంటున్నవాళ్లు ఆ గొయ్యి గురించి ఒక పేజీ రాసి చూడండి. సర్వే అధికారి, డంపర్ ఆపరేటర్, పొలం పోయిన రైతు, ముగ్గురినీ దాని అంచున నిలబెట్టి మాట్లాడించండి. అధికారి నోట 'బొందలగడ్డ' రాదు. రైతు నోట 'ఉపరితల గని' చచ్చినా రాదు. డంపర్ ఆపరేటర్ దగ్గరే కలం ఆగుతుంది: షిఫ్టులో ఉన్నప్పుడు 'ఓసీ' అనేవాడు, ఆ గొయ్యిలో పోయిన ఊరే తన అత్తగారి ఊరైతే ఇంటికెళ్లి ఏమంటాడు?