ఆఫ్రో-ఆసియా క్రీడలు, 2003

ఆఫ్రో-ఆసియా క్రీడలు ఆఫ్రికా, ఆసియా ఖండముల దేశాల మధ్య జరిగిన అంతర్జాతీయ క్రీడాపోటీలు. ఇవి 2003 అక్టోబరు 24 నుండి నవంబరు 1 వరకు, అప్పటి ఆంధ్ర ప్రదేశ్ రాజధాని హైదరాబాదులో జరిగినవి. 96 దేశాలకు చెందిన రెండు వేల మందికి పైగా క్రీడాకారులు పాల్గొన్నారు. వీటిని రెండు ఖండాలలోను మార్చి మార్చి జరపవలెనని నిర్వాహకులు తలచినప్పటికీ, రెండవ పర్యాయము జరుగలేదు.

నేపథ్యము

రెండు ఖండాల క్రీడాకారులకు ఉమ్మడి పోటీలు ఉండవలెనన్న ఆలోచన 1983 నాటిది. అది కార్యరూపము దాల్చుటకు ఇరవై సంవత్సరములు పట్టినది. 2001 నవంబరులో న్యూఢిల్లీలో జరపాలని నిర్ణయించారు. కాని ఆ సెప్టెంబరు 11న అమెరికాపై జరిగిన దాడులు, దరిమిలా ఆఫ్ఘనిస్తాన్‌లో మొదలైన యుద్ధము కారణంగా పోటీలు వాయిదా పడినవి. 2002 డిసెంబరులో 32వ జాతీయ క్రీడలను నిర్వహించిన హైదరాబాదులో స్టేడియములు సిద్ధముగా ఉన్నందున, తరువాత ఈ అవకాశము ఆ నగరమునకు దక్కినది.

స్టేడియములు - తూర్పు, పడమర

జాతీయ క్రీడల కొరకు నగరమునకు పడమట గచ్చిబౌలిలోను, తూర్పున సరూర్‌నగర్‌లోను స్టేడియములు నిర్మించారు. ఆఫ్రో-ఆసియా క్రీడలలో అథ్లెటిక్స్ పోటీలు గచ్చిబౌలి స్టేడియములో జరిగినవి. 2002 మార్చిలో హెలికాప్టరు ప్రమాదములో మరణించిన లోక్‌సభ స్పీకరు జి.ఎం.సి. బాలయోగి పేరు దీనికి పెట్టారు. సరూర్‌నగర్ ఇండోర్ స్టేడియము దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ ప్రాంతాలకు దగ్గరలో ఉన్నది. ఇందులో సుమారు రెండు వేల మంది కూర్చొనవచ్చును. (ఎల్.బి.స్టేడియము వేరు. అది నగర మధ్యమున బషీర్‌బాగ్‌లో ఉన్న పూర్వపు ఫతే మైదానము. స్టేడియమునకు, ఎల్.బి.నగర్‌కు కూడా లాల్ బహదూర్ శాస్త్రి పేరే పెట్టారు.)

2003 నాటికి ఎల్.బి.నగర్, గడ్డిఅన్నారం, శేరిలింగంపల్లి వేర్వేరు పురపాలక సంఘములు. గచ్చిబౌలి శేరిలింగంపల్లి పరిధిలోనిది. ఇవి మహానగరపాలక సంస్థలో విలీనమైనది 2007లో. ఎల్.బి.నగర్ నుండి పరుగు పందెములు చూడబోవు ప్రేక్షకుడు దిల్‌సుఖ్‌నగర్, మలక్‌పేట, కోఠి, మెహదీపట్నం మీదుగా నగరమునంతా దాటి సుమారు 30 కిలోమీటర్లు ప్రయాణించవలసి ఉండెను. అప్పటికి బాహ్య వలయ రహదారి లేదు, మెట్రో రైలు లేదు. ఎల్.బి.నగర్, దిల్‌సుఖ్‌నగర్‌లకు మెట్రో 2018 సెప్టెంబరు 24న వచ్చినది.

పోటీలు

అథ్లెటిక్స్, ఈత, టెన్నిస్, హాకీ, ఫుట్‌బాల్, బాక్సింగ్, షూటింగ్, వెయిట్ లిఫ్టింగ్ అను ఎనిమిది క్రీడలలో పోటీలు జరిగినవి. 25 స్వర్ణములతో చైనా మొదటి స్థానములోను, 19 స్వర్ణములు సహా మొత్తము 80 పతకములతో భారతదేశము రెండవ స్థానములోను నిలిచినవి.

అదే ఏడాది ఆగస్టులో పారిస్ ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో కాంస్యము గెలిచిన అంజు బాబీ జార్జ్ ఇక్కడ లాంగ్ జంప్‌లో స్వర్ణము సాధించినది. హైదరాబాదుకు చెందిన సానియా మీర్జా పదహారేళ్ళ వయసులో టెన్నిస్‌లో నాలుగు స్వర్ణములు గెలుచుకున్నది. ఫుట్‌బాల్ ఫైనలులో భారత జట్టు ఉజ్బెకిస్తాన్ చేతిలో ఓడినది.

రెండవ పర్యాయము ఎందుకు లేదు?

తదుపరి క్రీడలు అల్జీరియాకు కేటాయించబడినవి, కాని జరుగలేదు. ఇటువంటి పోటీలు జరుగవలెనన్న పలు క్రీడలకు స్టేడియములు, వేల మందికి వసతి, ప్రభుత్వ ధనము, అనేక సంఘాల అంగీకారము ఒకేసారి సమకూరవలెను. ఒలింపిక్స్, ఆసియా క్రీడలు, ఆఫ్రికా క్రీడలతో నిండిన క్రీడా పంచాంగములో వాటికి ఖాళీ కూడా దొరకవలెను.

ఏటా జరిగే అథ్లెటిక్స్ పోటీల పద్ధతి వేరు. కెన్యా రాజధాని నైరోబిలో 2020లో మొదలైన కిప్ కీనో క్లాసిక్ దీనికి ఉదాహరణ. 1968, 1972 ఒలింపిక్స్‌లలో స్వర్ణములు గెలిచిన కిప్ కీనో పేరున ఇది జరుగును. ఒక స్టేడియము చాలును. దేశాల జట్లు రావు, ఆహ్వానము అందిన క్రీడాకారులు వ్యక్తిగతంగా వచ్చి పాల్గొందురు. ప్రపంచ అథ్లెటిక్స్ సంస్థ వారి కాంటినెంటల్ టూర్‌లో భాగము కనుక ఇక్కడి ఫలితములు ర్యాంకులకు లెక్కకు వచ్చును. 2021 సెప్టెంబరులో ఈ పోటీలలోనే కెన్యాకు చెందిన ఫెర్డినాండ్ ఒమన్యాలా 100 మీటర్లను 9.77 సెకన్లలో పరుగెత్తి ఆఫ్రికా రికార్డు నెలకొల్పినాడు. ఇక్కడ స్థానిక యువకులు ఏటా ప్రపంచ స్థాయి క్రీడాకారులతో పోటీ పడగలరు. హైదరాబాదు యువతకు ఆ అవకాశము తొమ్మిది దినములే లభించినది.

మిగిలినవి

ఆ క్రీడల స్మృతిగా మైదానములు మిగిలినవి. 2020లో కోవిడ్ సమయమున గచ్చిబౌలి క్రీడా ప్రాంగణములోని బహుళ అంతస్తుల భవనము టిమ్స్ ఆసుపత్రిగా మారినది. 2024 సెప్టెంబరులో బాలయోగి స్టేడియములో ఇంటర్‌కాంటినెంటల్ కప్ ఫుట్‌బాల్ పోటీలు జరిగినవి. వాటిలో ఆడిన జట్లు భారత్, సిరియా, మారిషస్. ఆ విధముగా ఇరవై యొక్క సంవత్సరముల తరువాత, చిన్న స్థాయిలోనైనా, ఆసియా, ఆఫ్రికా జట్లు అదే మైదానములో తలపడినవి.