నిజాం రైల్వే ఫైరింజను, ఢిల్లీ ర్యాలీ, మన కొట్టాల్లోని పాత బండ్లు

కర్ఖేలి మీదుగా పోయే రైలు దారి ఒకప్పుడు నిజాం రైల్వేది. మీటర్ గేజ్ పోయి బ్రాడ్ గేజ్ వచ్చింది, బొగ్గు ఇంజన్లూ పోయాయి. ఆ రైల్వే వాడిన ఒక మోటారు బండి మాత్రం నూరేళ్లు దాటినా మిగిలి ఉంది. 1914 నాటి ఫైరింజను అది. మాంచెస్టర్ పక్కనున్న సాల్ఫర్డ్‌లో జాన్ మోరిస్ అండ్ సన్స్ కంపెనీ తయారుచేసింది. ఇప్పుడు ఢిల్లీ చాణక్యపురిలోని నేషనల్ రైల్ మ్యూజియంలో ఉంది. స్టేట్స్‌మన్ పాత కార్ల ర్యాలీలో జనం చుట్టూ మూగే బండ్లలో అదొకటి.

ఆ ర్యాలీని స్టేట్స్‌మన్ పత్రిక 1964లో ఢిల్లీలో మొదలుపెట్టింది. 1968 నుంచి కలకత్తాలోనూ జరుపుతోంది. అప్పట్లో విదేశీ కార్ల దిగుమతి దాదాపు లేదు. రోడ్డు మీద అంబాసిడర్, ఫియట్, స్టాండర్డ్ తప్ప పెద్దగా కనిపించేవి కావు. దొరలు వదిలిపోయినవి, సంస్థానాలవి షెడ్లలో దుమ్ము పట్టి ఉండేవి. 1971లో రాజభరణాలు రద్దయ్యాక ఖర్చు భరించలేక అమ్ముకున్న వాళ్లూ ఉన్నారు. విడిభాగాలు దొరక్కపోతే మన మెకానిక్కులే లేత్ మీద తిప్పి తయారుచేశారు. నన్నడిగితే ఈ కార్లు బతికింది యజమానుల వల్ల కంటే వాళ్ల వల్లే.

ర్యాలీ అంటే పందెం కాదు. ఎవరు ముందు వచ్చారన్నది లెక్కలోకి రాదు. బండి ఎంత అసలు రూపంలో ఉందన్నదే జడ్జీలు చూస్తారు. స్థూలంగా రెండో ప్రపంచ యుద్ధానికి ముందువి వింటేజ్, తర్వాతవి క్లాసిక్.

దానధర్మం కోసం జరిపే ప్రదర్శనల్లో అమెరికాలోని పెబుల్ బీచ్‌ది పెద్ద పేరు. 1950లో స్పోర్ట్స్ కార్ల క్లబ్బు నడిపిన రోడ్డు పందేలకు తోడుగా పుట్టింది. 1956లో ఒక డ్రైవరు చెట్టుకు గుద్దుకొని చనిపోవడంతో ఆ దారిలో పందేలు ఆగిపోయాయి, ప్రదర్శన మాత్రం నిలిచింది. దాని ద్వారా స్థానిక సేవాసంస్థలకు ఇన్నేళ్లలో కోట్ల డాలర్లు చేరాయి. 2012లో అక్కడ భారత మహారాజుల కార్లకే ప్రత్యేక విభాగం పెట్టారు. మన ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆర్డరిచ్చిన పసుపు రంగు రోల్స్‌రాయిస్‌ను చూడాలంటే అంత దూరం పోనక్కర్లేదు, హైదరాబాదు చౌమహల్లాకు వెళ్తే చాలు. కారు చేతికి రాకముందే, 1911లో, ఆయన కన్నుమూశాడు.

ఇక మన సంగతి. తాతల నాటి జీపో, జావా బండో కొట్టంలో పడి ఉంటే భంగార్‌వాలాకు తూకానికి ఇచ్చేముందు ఒక నిబంధన తెలుసుకోండి. 2021 జులైలో కేంద్రం వింటేజ్ రిజిస్ట్రేషన్ తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటిన టూవీలర్లకూ, సొంత వాడకపు కార్లకూ ఇది వర్తిస్తుంది. లారీలు, ట్రాక్టర్లు ఇందులో రావు. ఛాసిస్, బాడీ, ఇంజను పెద్దగా మార్చి ఉండకూడదు. జీపుకు తర్వాత వేరే డీజిల్ ఇంజను ఎక్కించి ఉంటే ఇక్కడే చిక్కు.

ఫారం 20, ఇన్సూరెన్సు, పాత ఆర్సీ కావాలి. కొత్త రిజిస్ట్రేషన్ ఫీజు 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. మళ్లీ చేయించుకుంటే 5,000. 60 రోజుల్లో సర్టిఫికెట్ ఇవ్వాలి. కొత్త నంబరులో ఎంహెచ్ తర్వాత వీఏ అని వస్తుంది. ముందే రిజిస్టరై ఉంటే పాత నంబరునే ఉంచుకోవచ్చు. అయితే ఆ బండిని ప్రదర్శనకు, ర్యాలీకి, రిపేరుకు, పెట్రోలుకు తప్ప రోజువారీ తిరుగుడుకు వాడకూడదు.

ఫీజు కొంచెం ఎక్కువే, అందరికీ గిట్టుబాటు కాదు. ఆర్సీ పోయిన తాతగారి పేరుమీదే ఉంటే ముందు ఫారం 31తో వారసుల పేరుకు మార్పించుకోవాలి. ఆ పాత కాగితం ఇంట్లో ఏ ట్రంకుపెట్టెలో ఉందో ఈ దసరా సర్దుళ్లలో చూసి పెట్టుకోండి.