మనోగాయములను మాన్పు వృత్తి

మన పాఠశాలయందు చదువు ముగించి వెడలినవారిలో వైద్యులు, నర్సులు, ఉపాధ్యాయులు పెక్కండ్రు గలరు. ఈ మధ్య పై తరగతుల విద్యార్థులు కొందరు "క్లినికల్ సైకాలజిస్టు కావలెనని యున్నది" అని చెప్పుచున్నారు. అది వినిన తలిదండ్రులు, పిచ్చివారి నడుమ బ్రదుకవలసి వచ్చునేమో యని జంకుచున్నారు. కావున ఆ వృత్తిని గూర్చి, అందును ఘోరవిపత్తులకు లోనైనవారికి చేయు చికిత్సను గూర్చి, ఒక మహనీయుని జీవితము నాధారముగా గొని వివరింపదలచితిమి.

యుద్ధము, తుపాను, అగ్నిప్రమాదము, ఇంటిలోనే జరిగిన దౌర్జన్యము మున్నగువానినుండి బయటపడినవారికి ఒక్కొకప్పుడు దేహమున గాయమేమియు కనబడదు. అయినను రాత్రులందు పీడకలలు వచ్చి కేకలు వేయుదురు. తలుపు చప్పుడైనను ఉలికిపడుదురు. ఆ సంగతిని గుర్తుకు తెచ్చు చోటికి పోరు. 1980వ సంవత్సరమున అమెరికా మనోవైద్యుల సంఘమువారు దీనిని పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్ అను పేరుతో తమ వ్యాధుల పట్టికలో చేర్చిరి. అంతకు పూర్వము మొదటి ప్రపంచయుద్ధకాలమున, 1915లో, చార్లెస్ మైయర్స్ అను పండితుడు లాన్సెట్ అను వైద్యపత్రికలో "షెల్ షాక్" అను మాటను వాడెను. కాని సేనాధిపతులలో అనేకులకు అది వట్టి పిరికితనముగనే తోచెను. ఆ యుద్ధమున సేనను విడిచి పారిపోవుట, పిరికితనము మొదలగు నేరములకై కాల్చి చంపబడిన 306గురు బ్రిటిషు సామ్రాజ్య సైనికులకు 2006లో గాని క్షమాపణ లభింపలేదు.

అట్టి దినములలో వేరొక త్రోవ త్రొక్కినవాడు విలియం హాల్స్ రివర్స్ రివర్స్. (ఇంటిపేరు రెండు మారులు వచ్చుట అచ్చుతప్పు గాదు, ఆయన పేరే అట్టిది.) ఈయన 1864లో ఇంగ్లాండున ఆంగ్లికను పాదిరిగారి యింట జన్మించెను. తండ్రిగారు నత్తిని మాన్పుటలో పేరుపొందినవారు. కుమారుని నత్తి మాత్రము పూర్తిగా పోలేదు. రివర్స్ వైద్యము చదివి, పిమ్మట కేంబ్రిడ్జిలో మనస్తత్వశాస్త్రమును బోధించెను. 1901-02లో మన దక్షిణదేశమునకు వచ్చి నీలగిరులమీద తోడా జాతివారి నడుమ కొన్ని నెలలుండి, వారి కుటుంబముల వంశవృక్షములను వ్రాసికొనెను. మిషను ఉపదేశి యొకరు ఆయనకు దుబాసిగా నుండిరి. 1906లో ఆ జాతిని గూర్చి పెద్దగ్రంథము ప్రకటించెను. ఎదుటివాడు చెప్పుదానిని త్రుంచివేయక తుదివరకు వినుట ఆయన అక్కడనే బాగుగా అభ్యసించెనని మా తలంపు.

1916లో ఎడింబరో దగ్గర క్రెయిగ్‌లాక్‌హార్ట్ అను చోట అధికారులకొరకు సైనికాసుపత్రి తెరవబడగా రివర్స్ అచ్చట వైద్యుడుగా చేరెను. ఆ దినములలో కొందరు వైద్యులు మాటపడిపోయిన సిపాయిలకు విద్యుత్తు తగిలించి బాధపెట్టి మాటాడించుచుండిరి. మరికొందరు "దానిని మరచిపొమ్ము, వేరే సంగతులు తలంపుము" అని చెప్పుచుండిరి. ఈ రెండవ సలహా మన యిండ్లలోను ప్రతిదినము వినబడునదే. రివర్స్ దీనిని ఒప్పుకొనలేదు. పగలంతయు బలవంతముగా అణచిన జ్ఞాపకము రాత్రి పీడకలయై తిరిగివచ్చునని ఆయన గ్రహించెను.

ఒక అధికారి తన స్నేహితుని వెదుకబోయి, ఫిరంగిగుండు తగిలి ఛిన్నాభిన్నమైన శవమును చూచెను. నాటినుండి రాత్రులందు ఆ రూపమే ఎదుట నిలుచుచుండెను. రివర్స్ ఆ కథనంతయు విని, దేహము అట్లు ఛిద్రమగుటయే అతడు తత్‌క్షణమే మరణించెననుటకు సాక్ష్యమనియు, దీర్ఘబాధ అతనికి తప్పినదనియు చూపెను. రోగి ముఖము వికసించెను. కొన్ని రాత్రులకు మరల కల వచ్చెను. కాని అందులో అతడు భయపడక, స్నేహితుని ప్రక్క మోకరించి, బంధువులకు పంపుటకై అతని వస్తువులను తీయుచుండెను. మెలకువ వచ్చునప్పటికి మెల్లగా ఏడ్చుచుండెను. భయము పోయి దుఃఖము మిగిలెను. దుఃఖము సహజము, దానిని మాన్పనక్కరలేదు.

అందరికిని ఇట్లు జరుగలేదు. మరియొక అధికారి చూచిన దృశ్యము మిక్కిలి అసహ్యమైనది. దానియందు ఊరటనిచ్చు అంశమొక్కటియైనను రివర్సునకు దొరకలేదు. అతనిని సేనవిడిచి పల్లెపట్టున ప్రశాంతముగా నుండుమని మాత్రమే చెప్పగలిగెను. ఆ సంగతిని దాచక తన వ్యాసములో వ్రాసెను. ఆ వ్యాసము 1918లో లాన్సెట్ పత్రికయందు వెలువడెను.

ఈ వృత్తిలోని కష్టము వినుటతో ముగియదు. 1917లో సీగ్‌ఫ్రీడ్ ససూన్ అను కవి, శౌర్యపతకము పొందిన అధికారి, యుద్ధమును నిరసించుచు ప్రకటన చేయగా అతనిని ఈ ఆసుపత్రికి పంపిరి. అతనికి మతిభ్రమణము లేదని రివర్స్ ఎరుగును. అయినను సైన్యపు వైద్యుడుగా అతనిని తిరిగి యుద్ధమునకు సిద్ధపరచుట తన విధి. స్వస్థపరచి మృత్యుముఖమునకు పంపుట యెట్టి స్వస్థత? ఈ ప్రశ్న రివర్సును బాధించెను. ససూన్ తిరిగి రణరంగమునకు పోయి, 1918లో తలకు గాయమై బ్రదికి వచ్చెను. రివర్స్ 1922లో కాలధర్మము నొందెను.

మన సంఘములలో కొందరు, బాధను పైకి చెప్పుకొనుట అవిశ్వాసమని తలంతురు. దావీదు కీర్తనలు చదివినవారు ఆ మాట ఎట్లనగలరో మాకు తెలియదు. అట్లని విపత్తు జరిగిన మరునాడే "ఏమి చూచితివో చెప్పుము" అని తొందరపెట్టుటయు తగదు. మొదట భద్రత, అన్నము, నిద్ర, అయినవారి తోడు. ఇది నేటి నిపుణుల సలహా. బాధ మానక నిలిచినవారికే, శిక్షణ పొందినవారి సమక్షమున, కొద్దికొద్దిగా ఆ జ్ఞాపకము నెదుర్కొను చికిత్స జరుగవలెను.

ఇక చదువు మాట. రివర్స్ వైద్యుడు గాని, నేటి క్లినికల్ సైకాలజిస్టు వైద్యపట్టము పొందనక్కరలేదు. మందులు వ్రాయుట మనోవైద్యుని పని. ఈయన పరీక్షించి, సంభాషించి, క్రమమైన అభ్యాసములచేత చికిత్స చేయును. ఇందుకు మనస్తత్వశాస్త్రమున ఉన్నతవిద్య, ఆసుపత్రిలో శిక్షణ, 1992 నాటి చట్టము ననుసరించి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా పట్టికలో నమోదు అవసరము. బెంగుళూరులోని నిమ్‌హాన్స్ ఈ విద్యకు మన దేశమున ప్రసిద్ధిగన్న స్థానము. ప్రవేశనియమములు మారుచుండును గనుక విచారించి దరఖాస్తు చేయవలెను. వినుటకు ఓర్పులేనివాడు ఎన్ని మార్కులు తెచ్చుకొన్నను ఈ పనికి పోకుండుట మేలు.

ఇప్పుడే సహాయము కావలసిన యింటివారు 2022లో భారతప్రభుత్వము స్థాపించిన టెలీ మానస్‌కు 14416 అను నంబరున రాత్రింబవళ్లు టెలిఫోను చేయవచ్చును. రుసుము లేదు, తెలుగుననే మాటలాడవచ్చును.