పోగుకూ లోహానికీ నడుమ ఒక పొర

కార్బన్ పోగును కరిగిన అల్యూమినియంలో ముంచి సంయుక్త పదార్థంగా మార్చడం, కాంక్రీటులో ఇనుప చువ్వ పెట్టినంత తేలిక కాదు. 660 డిగ్రీల సెల్సియస్ వద్ద కరిగిన అల్యూమినియం తామరాకు మీది నీటిబొట్టులా పోగుపై గుండ్రంగా నిలుస్తుందే తప్ప పరచుకోదు. ద్రవం ఘనతలాన్ని అంటుకొని పరచుకోవడాన్ని తడపడం అంటారు. వేడిని వెయ్యి డిగ్రీల దాకా పెంచితే తడపడం సాధ్యమవుతుంది గాని, ఆ వేడిలో అల్యూమినియం కార్బన్‌తో కలిసి అల్యూమినియం కార్బైడ్ అనే పెళుసు సమ్మేళనంగా మారుతూ, ఏ పోగు బలం కోసం ఇంత శ్రమపడ్డారో ఆ పోగునే తినివేస్తుంది.

అందువల్ల పోగుపై వేసే పూత లోహాన్ని దగ్గరికి రానివ్వాలి, కార్బన్‌ను మాత్రం ముట్టనివ్వకూడదు. 1970లలో అమెరికాలో వాడుకకు వచ్చిన పూతలో టైటానియం, బోరాన్ ఉండేవి. వాటి క్లోరైడ్ల ఆవిరిలోని క్లోరిన్‌ను జింకు ఆవిరి తీసుకోగా, మిగిలిన మూలకాలు పోగుపై పేరుకొనేవి. ఈ పూత లోహంతో చక్కగా తడిసేది గాని గాలి సోకితే ఆ గుణాన్ని కోల్పోయేది గనుక, పోగును వెంటనే ద్రవలోహంలోకి పంపవలసి వచ్చేది. దానిని ముందుగా కోరిన ఆకృతిలో అమర్చుకొనే వీలుండేది కాదు.

ఈ చిక్కును కాలిఫోర్నియాలోని ఏరోస్పేస్ కార్పొరేషన్‌లో హోవార్డ్ కట్జ్‌మన్ ఎంతో సొగసుగా విప్పాడు. సిలికాన్ గల సేంద్రియ ద్రావణంలో పోగుల కట్టను ముంచి, నీటి ఆవిరి తగిలించి ఆరబెడితే, ఇసుకలో ఉండే సిలికాయే మైక్రాన్‌లో దాదాపు పదోవంతు మందం గల పొరగా దానిపై మిగులుతుంది. సిలికా అప్పటికే ఆక్సైడు గనుక గాలి దానిని చెరపలేదు. ఈ పోగును అల్యూమినియానికి బదులు కరిగిన మెగ్నీషియంలో ముంచినప్పుడు, ఆక్సిజన్‌పై సిలికాన్ కంటె మెగ్నీషియానికే మక్కువ ఎక్కువ కావడంతో అది పూతలోని ఆక్సిజన్‌ను లాక్కుంటుంది. ఆ రసాయన చర్యే లోహాన్ని పోగు వెంట పరచుకొనేలా చేస్తుంది. తాను కొంత కరిగిపోతూ రెండింటినీ కలపడమే ఈ పూతలోని అందం.

మళ్లీ అల్యూమినియం విషయానికి వస్తే, 1990లో కక్ష్యలోకి వెళ్లిన హబుల్ టెలిస్కోపులో, యాంటెనాలను మోసే 3.6 మీటర్ల దండాలను కార్బన్ పోగులు గల అల్యూమినియంతో చేశారు. గంటన్నరకొకసారి ఎండా నీడా మారే ఆ కక్ష్యలో, వేడికి పొడవునా సాగని పోగు దండాన్ని వంగనివ్వదు, విద్యుత్తును మోసే లోహం సంకేతాలకు దారినిస్తుంది; ఈ రెండు గుణాలూ ఒకే దండంలో నిలవడం, పోగూ లోహమూ కలిసే ఆ సన్నని హద్దు చెదరకుండా ఉన్నంతవరకే సాధ్యం.