తెల్లబంతి దొరకని సెట్టు: పాత బిలియర్డ్స్ బంతుల సేకరణ

తయారీ ఆగిపోయిన బిలియర్డ్స్ బంతులను సేకరించేవారు విడిబంతి కోసం కాక సెట్టు కోసం వెతుకుతారు. ఒకే కాలంలో, ఒకే ముడిపదార్థంతో తయారై, ఆ తరువాత ఒకే బల్లమీద ఒకదానితో ఒకటి ఢీకొంటూ అరిగిన బంతులనే వారు సెట్టుగా లెక్కిస్తారు. ఇంగ్లిష్ బిలియర్డ్స్‌కు 3, అమెరికన్ పూల్‌కు 16, స్నూకర్‌కు 22 బంతులు కావాలి కనుక, వాటిలో ఒకటి పోయి దాని చోట మరో కాలపు బంతి చేరితే ఆట సాగుతుందేమో గానీ, సేకర్త దృష్టిలో సెట్టు చెడినట్టే. ఇది చాదస్తంలా కనిపించినా, బంతుల తయారీ చరిత్ర తెలిసినవారికి ఈ పట్టింపులోని సబబు బోధపడుతుంది.

19వ శతాబ్దంలో మేలైన బంతులు ఏనుగు దంతంతో తయారయ్యేవి. దంతం నడుమ సాగే సన్నని నాడీరంధ్రం సరిగ్గా బంతి కేంద్రం గుండా పోయేలా చెక్కాలి. లేకుంటే బరువు ఒక పక్కకు ఒరిగి బంతి వంకరగా దొర్లుతుంది. ఇంత శ్రమపడినా ఒక్కో దంతం నుంచి దక్కేవి కొద్దిపాటి బంతులే, పైగా వాతావరణం మారినప్పుడల్లా అవి ఆకారం తప్పి పగుళ్ళు తీసేవి. దంతానికి ప్రత్యామ్నాయం చూపినవారికి 10,000 డాలర్లు ఇస్తామని న్యూయార్క్‌కు చెందిన ఫెలన్, కాలెండర్ల సంస్థ 1860లలో ప్రకటించింది. ఆ ప్రకటన చూసి ప్రయోగాలకు దిగిన ముద్రణ పనివాడు జాన్ వెస్లీ హయత్, ఆమ్లాలతో మార్పు చెందించిన దూదిని, అంటే నైట్రోసెల్యులోజ్‌ను, కర్పూరంతో కలిపి వేడి, ఒత్తిడి ప్రయోగించి సెల్యులాయిడ్‌ను రూపొందించి 1870లో పేటెంటు పొందాడు. న్యూయార్క్ రాష్ట్రంలోని ఆల్బనీలో బంతుల కంపెనీ నెలకొల్పాడు. నైట్రోసెల్యులోజ్ పూత పూసిన తొలి బంతులు గట్టిగా తాకినప్పుడు టపాకాయలా పేలుతున్నాయనీ, ఆ చప్పుడుకు గదిలోని వారంతా తుపాకులు దూస్తున్నారనీ కొలరాడోలోని ఒక మద్యశాల యజమాని తనకు ఉత్తరం రాశాడని హయతే తరువాతి కాలంలో చెప్పుకున్నాడు. ఈ కథకు ఎంత రంగు అద్దారో గానీ, ఆ పదార్థం సులభంగా అంటుకునేదన్న మాట మాత్రం నిజం.

బెల్జియంలో పుట్టి అమెరికాలో స్థిరపడిన లియో బేక్‌లాండ్ 1907లో ఫినాల్, ఫార్మాల్డిహైడ్‌ల కలయికతో బేకలైట్‌ను కనిపెట్టడంతో దారి మారింది. ఈ కోవకు చెందిన గట్టి పదార్థాలను ఫినాలిక్ రెసిన్లు అంటారు. నేటి మేలిరకం బంతులకూ అవే ఆధారం. బ్రిటన్‌లో బాంజొలిన్, క్రిస్టలేట్ అనే మిశ్రమ పదార్థాల బంతులు దంతాన్ని పక్కకు నెట్టగా, ఆ తరువాత వచ్చిన సూపర్ క్రిస్టలేట్ స్నూకర్ బల్లలపై చాలాకాలం చెలామణి అయింది. చివరకు బెల్జియంలోని కాలెనెల్‌లో ఉన్న సాలుక్ సంస్థ ‘అరామిత్’ పేరుతో చేసే ఫినాలిక్ బంతులు మార్కెట్‌లో అత్యధిక భాగాన్ని ఆక్రమించడంతో పాత పేర్లు ఒక్కొక్కటిగా అంతరించాయి. హయత్ స్థాపించిన ఆల్బనీ కంపెనీ కూడా 1980లలో మూతపడింది.

పేరు మిగిలి వస్తువు మారిన సందర్భాలు సేకర్తను మరింత చిక్కులో పెడతాయి. 1845లో సిన్సినాటీలో మొదలైన బ్రన్స్‌విక్ సంస్థ శతవార్షికోత్సవానికి గుర్తుగా ‘సెంటెనియల్’ అని పేరుపెట్టిన పూల్ బంతులు ఇందుకు చక్కని ఉదాహరణ. అంకె ఉన్న తెల్లని వలయం పక్కన బాణపు ములుకుల్లాంటి గుర్తులు వీటి ప్రత్యేకత. ఇప్పటికీ ఇదే పేరుతో బంతులు అమ్ముడవుతున్నా అవి సాలుక్ తయారీవి కనుక, పాత సెట్టును పోల్చుకోవడానికి ములుకు మందం, అంకెల వంపు, వలయం పరిమాణం, చారల వెడల్పు, రంగుల ఛాయ వంటివి పరిశీలించక తప్పదు. పాత పూల్ బంతులమీద తయారీదారు పేరు సాధారణంగా ఉండదు. అందువల్ల బంతులతో పాటు అసలు అట్టపెట్టె కూడా దొరికితే దాని విలువ ఒక్కోసారి రెండు మూడు బంతుల విలువకు తీసిపోదు.

అన్నిటికంటే దొరకనిది తెల్లబంతి. ఆటగాడి కర్ర, అంటే క్యూ, ప్రతిసారీ తాకేది దానినే కనుక మిగిలిన 15 బంతులకంటే అది ముందుగా అరుగుతుంది, గీతలు పడుతుంది, చివరకు కొత్తదానికి చోటిస్తుంది. పైగా నాణెం వేసి ఆడే బల్లల్లో తెల్లబంతిని యంత్రం విడిగా గుర్తించి వెనక్కు పంపడానికి పెద్ద బంతినో, అయస్కాంతానికి స్పందించే బంతినో వాడేవారు. అలాంటి చోటు నుంచి వచ్చిన సెట్టులో తెల్లబంతి మొదటినుంచీ పరాయిదే. పూల్ బంతి వ్యాసం 57.15 మిల్లీమీటర్లు, బరువు సుమారు 156 నుంచి 170 గ్రాములు ఉండాలి కనుక, కొనేముందు వెర్నియర్ కాలిపర్‌తో ప్రతి బంతినీ రెండు మూడు దిక్కుల్లో కొలిచి, సున్నితమైన తక్కెడలో తూచితే, తరువాత కలిసిన బంతి ఏదో చాలావరకు బయటపడుతుంది.

పాత ఫినాలిక్ బంతుల్లో తెలుపు కాలక్రమంలో వెన్నరంగుకు తిరుగుతుంది. మెరుగు పట్టించి ఆ ఛాయను తొలగించేవారు ఉన్నారు. కానీ మెరుగు పట్టించిన ప్రతిసారీ పైపొర కొంత పోతుంది, వ్యాసం తగ్గుతుంది, వయసుకున్న సాక్ష్యమూ చెరుగుతుంది కనుక ఆ పనిని మెచ్చుకోవడం కష్టం. సెల్యులాయిడ్ బంతుల విషయంలో జాగ్రత్త వేరు: శిథిలమయ్యే సెల్యులాయిడ్ ఆమ్లవాయువులు వదులుతుంది గనుక, గాలాడని పెట్టెలో, ఇతర బంతుల పక్కన దానిని ఉంచరాదు, నిప్పుకు దూరంగా పెట్టాలి.

దంతపు బంతుల సంగతి చట్టానికి సంబంధించినది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 1986లోను, 1991లోను జరిగిన సవరణలతో భారతదేశంలో మొదట స్వదేశీ ఏనుగుల దంతం, తరువాత ఆఫ్రికా నుంచి దిగుమతైన దంతం వ్యాపారం కూడా నిషేధమైంది. అందువల్ల 1875లో జబల్‌పూర్ సైనికాధికారుల మధ్య స్నూకర్ పుట్టిన ఈ దేశంలో, పాత బంగళాలో దంతపు బంతులు బయటపడినా వాటిని అమ్మడానికి వీల్లేదు. బంతిని రుద్ది వేడెక్కించినప్పుడు కర్పూరం వాసన వస్తే అది సెల్యులాయిడ్ కావచ్చు. భూతద్దంలో చూసినప్పుడు వలలా ఒకదానినొకటి ఖండించుకునే సన్నని గీతలు, ఎదురెదురుగా రెండు చోట్ల నాడీరంధ్రపు చుక్కలు కనిపిస్తే మాత్రం అది దంతమే అయివుండే అవకాశం ఎక్కువ కనుక, బేరం అక్కడితో ఆపాలి.