గని కింద వాగు

సింగరేణి ప్రాంతంలో రసాయనశాస్త్రం చెప్పే నేను పిల్లలకు ముందు నేర్పేది ఒకటే: వాగు నీళ్లు గనికి ఎగువన, దిగువన రెండుచోట్లా పట్టాలి. ఎగువ సీసా లేకపోతే తేడా గనిదో, నేలదో తేల్చలేం.

రాళ్లలోని గంధకపు ఖనిజం పైరైట్‌కు గాలి, నీరు తగిలితే సల్ఫ్యూరిక్ ఆమ్లం పుడుతుంది. అది లోహాలను కరిగిస్తుంది. కాలిఫోర్నియా ఐరన్ మౌంటెన్ గని నీటిలో పీహెచ్ మైనస్ 3.6 దాకా పడిపోయింది! మన తాగునీటి ప్రమాణం 6.5 నుంచి 8.5. మా గోదావరి లోయ బొగ్గులో గంధకం తక్కువే. అయినా పీహెచ్ ఒక్కటే చూసి నిశ్చింతగా ఉండొద్దు. సున్నపురాయి ఆమ్లాన్ని తటస్థం చేసినా సల్ఫేట్ నీళ్లలోనే మిగులుతుంది. విద్యుత్ వాహకత కొలిస్తే ఆ జాడ తెలుస్తుంది.

తొలకరి వాన బొగ్గు కోసం తవ్విపోసిన పైమట్టి (ఓబీ) గుట్టలను కడిగి వాగులోకి దింపుతుంది. ఆ వారమే నమూనా తీయించమని మీ పంచాయతీని అడగండి.